మీటరమ్మ, రెండు సీట్ల బండి

"పేలిపోతుందత్తా! ఆపు, ముందు బండి ఆపు! ముల్లు ఎర్రగీత దాటేసింది!"

"పేలడానికి ఇదేమన్నా టపాకాయా? అరవకు. నువ్వరుస్తుంటే నాకు ఇంజన్ చప్పుడు వినపడటం లేదు."

అరిచింది మేనల్లుడు. మందుల కంపెనీ ప్రయోగశాలలో వేడిని, ఒత్తిడిని కొలిచే ఉద్యోగం అతనిది. ఏ ముల్లయినా గీత దాటితే యంత్రం ఆపేసి నాలుగడుగులు వెనక్కి వెయ్యాలని అతనికి చదువులో నేర్పారు, ఉద్యోగంలో మరింత గట్టిగా నేర్పారు. దానికి తోడు ఇంట్లో ఇంకా పాకడం కూడా రాని పాప ఉంది. ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచి అతని కంటికి లోకంలో పేలడానికి సిద్ధంగా ఉన్న వస్తువులే ఎక్కువ కనిపిస్తున్నాయి.

అరవద్దన్నది అతని మేనత్త. అరవై దాటిన మనిషి. పెద్ద జేబుల నీలం కోటు తొడుక్కుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, తన వయసులో సగానికి పైగా వయసున్న స్పోర్ట్స్ కారును ఎత్తు రోడ్డు మీద నడుపుతోంది. ముదురాకుపచ్చ రంగు బండి. రెండే సీట్లు. పైకప్పు గుడ్డది. లోపల కూర్చుంటే నేల మీద చాప పరుచుకుని కూర్చున్నట్టుంటుంది.

ఆమె నింపాదిగా బండిని గోడ వారగా ఆపి, బానెట్ ఎత్తి, ముందు వాసన చూసింది. తర్వాత మసిగుడ్డతో రేడియేటర్ పైగొట్టాన్ని పట్టుకుని నొక్కింది.

"ఆవిరి లేదు. నీళ్లు మరిగిన వాసన లేదు. ఉండాల్సినంత వేడే ఉంది. రా, పట్టుకుని చూడు."

"నేను పట్టుకోను."

"పట్టుకోవని తెలుసులే, మర్యాదకి అడిగాను." ఆమె బానెట్ దించింది. "ఇంజన్ నిక్షేపంగా ఉంది. అబద్ధమాడుతోంది ముల్లు."

మామూలుగా అయితే ఆ మాట అన్నాక ఒక నవ్వు నవ్వుతుంది. ఈసారి నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో మేనల్లుడికి తెలుసు. సోమవారం బండికి ఫిట్‌నెస్ పరీక్ష. మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ఇన్‌స్పెక్టర్ ఎర్రగీత మీదున్న ముల్లును చూసి, బ్రేకులైనా చూడకుండా తిప్పి పంపేశాడు. ఇక మిగిలింది ఒక్క అవకాశం. అది కూడా పోతే బండి రోడ్డెక్కకూడదు.

అంతటితో పోయినా బాగుండేది. ఆ వారం ఇంటిల్లిపాదీ భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు ఆమె అన్నయ్య, అంటే మేనల్లుడి తండ్రి, చెయ్యి కడుక్కుంటూ అన్నాడు. "ఇంకెందుకే ఆ పాత డొక్కు? తుక్కువాడికి ఇచ్చెయ్. నీ కళ్లు మునుపటిలా లేవు. బండికీ వయసైపోయింది, నీకూ అయిపోయింది. హాయిగా ఇంట్లో కూర్చో."

ఆమె అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "ఈసారి పరీక్షలో పోతే నువ్వు చెప్పినట్టే బండి తుక్కుకిచ్చేస్తాను. స్టీరింగు మళ్లీ ముట్టుకోను. మరి నెగ్గితే?"

"నెగ్గితే నీ ఇష్టం."

"నా ఇష్టం ఎటూ నాదే, అది నువ్వు ఇచ్చేదేంటి? నెగ్గితే నా పక్క సీట్లో కూర్చుని ఊరంతా తిరగాలి. నోరు మూసుకుని."

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. మాటంటే మాటే. అందరి ముందూ అన్నది వెనక్కి తీసుకునే రకం కాదు ఆమె.

ఊళ్లో కార్లు, లారీలు ఉన్నవాళ్లందరికీ ఆమె మీటరమ్మ. చిన్నప్పుడు గడియారాల దుకాణంలో పనికి కుదిరింది. సన్నటి పట్టకారుతో ఆవగింజంత మరలు పట్టుకోవడం అక్కడే అబ్బింది. తర్వాత పెద్ద మోటారు షెడ్డులో ఉద్యోగం అడిగితే, యజమాని ఎగాదిగా చూసి, ఇంజన్ల దగ్గర ఆడవాళ్లకు పని లేదన్నాడు. "అయితే ఇంజన్ల దగ్గర పెట్టకండి. మీ మగవాళ్లెవరూ ముట్టుకోని పని ఏముందో చెప్పండి, అది చేస్తాను" అంది. షెడ్డు వెనక, కిటికీ పక్కన ఒక అటక కింద, చెడిపోయిన మీటర్లు గుట్టగా పడి ఉన్నాయి. వేగం చూపేవి, ఆయిల్ చూపేవి, పెట్రోలు చూపేవి, వేడి చూపేవి. మెకానిక్‌లకు అవంటే చిరాకు. విప్పితే మళ్లీ బిగించడం రాదు, బిగిస్తే పని చెయ్యవు.

ఆ గుట్టను ఆమె రాజ్యం చేసుకుంది. కొన్నాళ్లకు, మీటర్లన్నీ ఆ కిటికీ దగ్గరికి వెళ్లి వస్తే తప్ప బండి బయటికి వెళ్లకూడదని యజమానే నియమం పెట్టాడు. ఇంజన్ విప్పాలా వద్దా అని మెకానిక్‌లు వాదులాడుకుంటుంటే, ఆమె బల్ల మీంచి కేకేసేది. "విప్పకండ్రా నాయనా, ముందు ముల్లు నిజం చెబుతోందో లేదో చూడనివ్వండి!" సగంసార్లు ఇంజన్ విప్పే పనే ఉండేది కాదు. మిగతా సగంసార్లు, "చూశావా, ముల్లు చెప్పింది నిజమే" అని మెకానిక్‌లు ఎగతాళి చేసేవాళ్లు. దానికీ ఆమె దగ్గర జవాబు ఉండేది. "నేను కాదన్నానా? నిజమో కాదో చూడమన్నాను."

ఈ ఆకుపచ్చ బండి ఆమె దగ్గరికి వచ్చింది కూడా ముల్లు వల్లే. ఎవరో షోకుగా కొనుక్కున్నారు. ఒకసారి ఆయిల్ ముల్లు పడిపోతే ఇంజన్ పోయిందనుకుని, షెడ్డులో వదిలేసి మళ్లీ ఆ వైపు రాలేదు. ఏళ్ల తరబడి వానకు తడిసి ఎండకు ఎండుతుంటే ఆమె అడిగి తీసుకుంది. చూస్తే పోయింది ఇంజన్ కాదు, మీటరుకు వెళ్లే సన్నటి గొట్టంలో మట్టి. ఇంటికి తోలుకొచ్చిన రోజు అన్నయ్య నోరు వెళ్లబెట్టాడు. "రెండే సీట్లా? ఇందులో కుటుంబం ఎక్కడ పడుతుందే?" ఆమె అప్పటికే పెళ్లి వద్దని ఇంట్లో అందరితో పోట్లాడి ఉంది. "నేనొక సీటు, నా సంచి ఒక సీటు. మా కుటుంబానికి సరిపోయింది" అంది.

ఆ సంచి సీట్లోనే మేనల్లుడు పెరిగాడు. బడికి ఆలస్యమైతే ఆ బండే, జ్వరమొస్తే ఆసుపత్రికి ఆ బండే. ముళ్లు చదవడం అతనికి అక్షరాల కంటే ముందు వచ్చింది. అందుకే అత్తకు సాయం చెయ్యాలని అతనికి ఉంది. కానీ ఆదివారం పొద్దున పాప ఒళ్లు కాస్త వెచ్చగా అనిపించింది.

భార్యే అతన్ని బయటికి తోసింది. "పాపకేం కాలేదు, చలికి తుమ్మింది, అంతే. నువ్వు ఇంట్లో ఉంటే పాప కంటే ఆ థర్మామీటరు ఎక్కువ అలిసిపోతోంది. మీ అత్త దగ్గరికెళ్లు. అక్కడైనా ఏదో ఒకటి కొలవొచ్చు."

వెళ్లే ముందు అతను పాపకు ఊలు టోపీ పెట్టి, స్వెట్టర్ తొడిగి, పైన ఇంకో స్వెట్టర్ వేసి, దుప్పటి చుట్టి మరీ వెళ్లాడు.

సెలవు రోజు షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. రేకుల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా నేల మీద పడుతోంది. అత్త డాష్‌బోర్డు కింద దూరి వెల్లకిలా పడుకుంది. కాళ్లు మాత్రం బయటికి ఉన్నాయి. పక్కనే స్టూలు మీద అతని తండ్రి కూర్చుని ఉన్నాడు, చేతిలో టీ గ్లాసుతో.

"నాన్నా, నువ్వెందుకొచ్చావు?"

"నా చెల్లెలు ఓడిపోతుంటే చూడ్డానికి."

"కాస్త పక్కకు జరుగన్నయ్యా," అన్నాయి డాష్‌బోర్డు కింద కాళ్లు. "వెలుతురుకి అడ్డమొస్తున్నావు. పుట్టినప్పట్నుంచీ అదే నీ పని."

ఆమె ఇంజన్‌లోని వేడి సెన్సర్ అప్పటికే మార్చి చూసింది. కొత్తది వేసినా ముల్లు ఎర్రగీత మీదే. ఆ రోజు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. సెన్సర్ దగ్గర తీగ పీకితే ముల్లు చల్లని వైపు పడిపోయింది. తీగను ఒక్క క్షణం ఇంజన్ ఇనుముకు తాకిస్తే ముల్లు ఎగిరి చివరికి వెళ్లింది. "చూశావా? మీటరు బతికే ఉంది, తీగ బాగానే ఉంది" అని బయటికి వచ్చి కూర్చుని నుదురు తుడుచుకుంది. నల్లటి మసి నుదుటి మీద అడ్డంగా చారలా పడింది.

మేనల్లుడు మెల్లగా అన్నాడు. "అత్తా, కోప్పడకు. రేపటి వరకూ ఆ తీగ పీకేసి పెడితే? ముల్లు చల్లగా కూర్చుంటుంది. ఇంజన్ ఎలాగూ బాగానే ఉంది కదా. పరీక్ష నెగ్గాక తీరిగ్గా చూసుకోవచ్చు."

ఆమె మసిగుడ్డ పక్కన పడేసి అతని వైపు తిరిగింది. స్టూలు మీది అన్నయ్య కూడా టీ తాగడం ఆపాడు.

"ఒరేయ్, నీ బుర్ర బాగా పని చేస్తుంది, అందుకే ఇలాంటివి తడతాయి. విను. ఇంతకాలం ఊళ్లో వాళ్ల ముళ్లన్నిటి చేతా నిజం చెప్పించి బతికాను. ఆఖర్న నా బండి ముల్లు చేత అబద్ధం చెప్పించి నెగ్గనా? దానికంటే తుక్కువాడికి నా చేత్తో నేనే తోసిస్తాను."

"అయితే తోసెయ్," అన్నాడు అన్నయ్య, కానీ ఆ గొంతులో ఇందాకటి హుషారు లేదు.

మేనల్లుడు సిగ్గుపడి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. ఊరికే ఉండలేక తాళం తిప్పి ముళ్లు చూడసాగాడు. వేడి ముల్లు వేగంగా పైకి పాకింది. పెట్రోలు ముల్లు కూడా పాకింది, నిండు గీత దాటి ఆగింది.

"అత్తా, ట్యాంకు నిండా పోయించావా?"

"సగమే."

"మరి ఇది నిండుగా ఉందంటోంది."

"దానికి అప్పుడప్పుడూ గొప్పలు చెప్పుకునే జబ్బు ఉందిలే. ట్యాంకులో తేలే బంతి అడ్డం పడుంటుంది. ముందు వేడి సంగతి తేలనీ."

కానీ అతను ఊరుకోలేదు. ప్రయోగశాలలో రెండు మీటర్లు ఒకేవైపు తప్పితే అతను వాటిని విడివిడిగా అనుమానించడు. "ఆగత్తా. వేడి ఎక్కువ చూపిస్తోంది, పెట్రోలు ఎక్కువ చూపిస్తోంది. రెండూ పైకే. ఆయిల్ ముల్లు?"

"అది సరిగ్గానే ఉంది. దానికి కరెంటుతో పని లేదు, గొట్టంతో నడుస్తుంది."

"వేగం ముల్లు?"

"అది కేబులు." అంటూనే ఆమె ఆగిపోయింది. కళ్లజోడు నుదుటి మీంచి కళ్ల మీదికి దించింది. "కరెంటుతో నడిచేవి ఆ రెండే. ఆ రెండింటికీ కరెంటు ఒకే చోటి నుంచి వస్తుంది."

డాష్‌బోర్డు వెనక అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఉంటుంది. ఫ్రిజ్ పక్కన పెట్టే స్టెబిలైజర్ చేసే పనే దానిదీ. బ్యాటరీ బలం ఎక్కువైనా తక్కువైనా ముళ్లకు మాత్రం ఒకే కొలతలో కరెంటు పంపుతుంది. అది కట్టడి తప్పితే బ్యాటరీ బలమంతా ముళ్ల మీద పడుతుంది. అవి రెండూ కలిసి పైకి పరిగెత్తుతాయి.

"కానీ ఆ డబ్బా నేను ఈ మధ్యే కొత్తది వేశానురా!"

కరెంటు కొలిచే మీటరు పెట్టి చూసింది. బ్యాటరీ బలమంతా నేరుగా అవతలికి పోతోంది. కొత్త డబ్బా అమ్మినవాడిని, వాడి దుకాణాన్ని, ఆ దుకాణం ఉన్న వీధిని కలిపి తిట్టింది. సొరుగులోంచి పాత డబ్బా తీసి బిగించింది. తాళం తిప్పింది. రెండు ముళ్లూ మళ్లీ పైకే పాకాయి.

అన్నయ్య గ్లాసు కింద పెట్టాడు. "అయిపోయింది కదే. ఇంక వదిలెయ్. నేనేమీ అనను."

"నువ్వేమీ అనకపోతే నాకింకా మంట!" అందామె. అంటూ డబ్బాను అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. ఈ పాత డబ్బా తీసేటప్పుడు బాగానే పని చేసింది. పాతదైపోయిందని, ముందుజాగ్రత్తగా మార్చింది. కొత్తదీ ఇదీ ఒకేలా చెడిపోవడం ఎలా? చేతిలో తిప్పి చూసింది. రేకు ఒళ్లు. పక్కన చెవి. చెవిలో మర. ఆ మర డాష్‌బోర్డు ఇనుముకు బిగిస్తే, ఆ ఇనుములోంచే దానికి ఎర్త్ అందాలి. అది అందకపోతే డబ్బాకు ఏ కట్టడీ ఉండదు.

ఆమె టార్చి వేసి డబ్బా బిగించే చోటు చూసింది. నున్నగా, నల్లగా, అద్దంలా మెరుస్తోంది.

"అయ్యో నా చేతులు పడిపోనూ!"

మేనల్లుడు ఉలిక్కిపడ్డాడు. "ఏమైందత్తా? కరెంటు కొట్టిందా?"

"రంగురా! రంగు! పరీక్షకి కొత్త పెళ్లికూతురిలా ఉండాలని డాష్‌బోర్డు మొత్తం విప్పి రంగేశాను. ముందు వేస్తే చాలదా? ఎవరికీ కనపడని వెనకవైపు కూడా వేశాను, పూత మీద పూత, పూత మీద పూత. ఇనుము ఎక్కడా బయటికి లేదు. ఆ రంగు దాటి ఎర్త్ ఎలా అందుతుంది?"

అన్నయ్య లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోయింది. "అంటే ఇన్నాళ్లూ బండిని చెడగొట్టింది నువ్వేనన్నమాట! మీటరమ్మే!"

"నేనే." ఆమె కళ్లార్పకుండా చూసింది. "నేనే చెడగొట్టాను, నేనే పట్టుకున్నాను. వీడు కూడా సగం పట్టుకున్నాడు. నువ్వేం పట్టుకున్నావు, టీ గ్లాసా?"

కత్తి మొనతో ఆ చోట గుండ్రంగా రంగు గీకింది. నల్లటి పెచ్చులు రాలి, కింద ఇనుము తెల్లగా బయటపడింది. డబ్బా బిగించి, మేనల్లుడి వైపు చూసి తల ఊపింది. అతను తాళం తిప్పాడు.

పెట్రోలు ముల్లు బద్ధకంగా లేచి సగం దగ్గర ఆగింది. ఇంజన్ స్టార్ట్ చేసి, వేడెక్కేవరకు ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. వేడి ముల్లు నెమ్మదిగా మధ్య వరకూ వచ్చి, అక్కడ కుదురుగా కూర్చుంది. అన్నయ్య డాష్‌బోర్డు కిందికి వంగి చూసి, "ఇంకాస్త గీకవే, సరిగ్గా తగిలేలా" అన్నాడు.

సోమవారం ఇన్‌స్పెక్టర్ బండి చుట్టూ తిరిగాడు. దీపాలు చూశాడు, బ్రేకులు చూశాడు, చాలాసేపు ఇంజన్ నడిపించి ముల్లు వైపు చూశాడు. ముల్లు కదల్లేదు. ఎక్కడా వంక దొరకలేదు. "అన్నీ బాగున్నాయి. కానీ ఈ వయసులో మీకీ బండెందుకమ్మా?"

"నా కళ్లు చూస్తారా? ఆ గోడ మీద రాసింది చదవనా? చదువుతాను. చేతులు వణుకుతున్నాయేమో చూస్తారా? ఇవిగో. వయసు మాత్రం బండి పరీక్షలో లేదు బాబూ. మీ ముద్ర వెయ్యండి."

ఆయన ముద్ర వేశాడు. పక్క వరసలో నిలబడ్డ లారీ డ్రైవర్లు ఈలలు వేశారు. ఆమె వాళ్ల వైపు తిరిగి, పరీక్షలో నెగ్గిన బడిపిల్లలా చెయ్యి ఊపింది.

ఆ సాయంత్రం పైకప్పు తీసేసి అన్నయ్యను పక్క సీట్లో కూర్చోబెట్టుకుంది. మొదటి మలుపు దగ్గర ఆయన "నెమ్మదిగా" అనబోయాడు. ఆమె వేలు పెదవుల మీద పెట్టి చూపించింది. ఆయన నోరు మూసుకున్నాడు. షెడ్డు ముందు, కూరగాయల దుకాణం ముందు, ఆయన పేకాడే స్నేహితుల అరుగు ముందు మరీ నెమ్మదిగా తిప్పింది. చివరికి మేనల్లుడి ఇంటి ముందు ఆపేసరికి ఆయన జుట్టంతా లేచి నిలబడింది. దిగుతూ, ఎవరూ వినకుండా, "ఇంకో చుట్టు వెయ్యకూడదూ?" అని అడిగాడు.

ఆమె జవాబిచ్చేలోపు లోపల్నుంచి మేనల్లుడు పరిగెత్తుకొచ్చాడు. చేతిలో థర్మామీటరు. "అత్తా, బండి తియ్యి. పాప ఒళ్లు కాలిపోతోంది. పాలు తాగడం లేదు, పడుకోవడం లేదు, ఒకటే ఏడుపు. ఇది చూడు, గీత దాటేసింది!"

ఆమె బండి తియ్యలేదు. థర్మామీటరు వైపు కూడా చూడలేదు. లోపలికి వెళ్లి, ఏడుస్తున్న పాప మెడ కింద, వీపు మీద చెయ్యి పెట్టింది. చెమటతో తడిసి ముద్దగా ఉంది. ఊలు టోపీ తీసింది. దుప్పటి తీసింది. ఒక స్వెట్టర్ విప్పింది. దాని కింద ఇంకో స్వెట్టర్. ఆమె తలెత్తి మేనల్లుడిని చూసింది.

"నిన్న తుమ్మింది కదాని..." అన్నాడతను.

భార్య మొహం పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకుంది. అన్నయ్య పాపను ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. కొంతసేపటికి పాప పాలు తాగింది. అప్పుడు మళ్లీ పెడితే థర్మామీటరు గీత లోపలే ఆగింది.

అతను ఇప్పటికీ భయస్థుడే. డాక్టరుకు ఫోన్ చెయ్యాల్సి వస్తే చేస్తాడు, అందులో మొహమాటం లేదు. కానీ పాప ఏడ్చినా, ప్రయోగశాలలో ముళ్లు ఎగిరినా, పరిగెత్తే ముందు ఒక్క క్షణం ఆగి తన చేతుల వైపు చూసుకుంటాడు. ఆ రోజు అత్త గుమ్మం దాటుతూ, కోటు జేబులో తాళాలు గలగలలాడిస్తూ, అన్న మాట గుర్తొస్తుంది.

"ముందు చేత్తో తాకి చూడరా. తర్వాత, మంచి జరగాలని ఆఖరుసారి నువ్వు చేసిన పనేంటో గుర్తు తెచ్చుకో. ముందు అక్కడ గీకి చూడు."